ఎవరి వంతు వాళ్ళకు

ఆ రోజు అలిగిన బతుకమ్మ. తొమ్మిది రోజుల పండుగలో ఆ ఒక్క రోజు పువ్వులు పేర్చరు, ఆడరు, పాడరు. బతుకమ్మ అలిగిందని ఊరుకుంటారు. లాల్‌గడి మలక్‌పేట్‌లో మిగతా ఆడవాళ్ళంతా ఆ పూట కాస్త నడుము వాల్చారు గాని, బాలనర్సమ్మకు నడుము వాల్చే అలవాటు లేదు. ఆఖరి రోజు సద్దుల నాటికి గునుగు పువ్వు కావాలి. కోసి, కట్టలు కట్టి, రంగుల్లో ముంచి ఆరబెట్టాలి. అందుకని కోడలు స్రవంతిని లేపి, చెరొక సంచీ పట్టుకుని ఎర్రకుంట కట్ట మీదికి బయలుదేరింది.

గునుగు ఇప్పుడు కుంట వెనక చేలలోనే మిగిలింది. ముందు వైపంతా ప్లాట్ల హద్దురాళ్ళు. అయినా బాలనర్సమ్మ దగ్గరి దారి వదిలేసి కట్ట మీదుగానే పోతుంది. ఈసారి వానలకు కుంట నిండింది. ఆ నీళ్ళు చూస్తే ఆమెకు కడుపు నిండుతుంది. మొన్నటి ఎండాకాలం ఇక్కడ నేల ఎంత బిగిసిపోయి ఉండేదో ఆమె అరచేతులకు తెలుసు. ఉపాధి పని కింద ఊరి ఆడవాళ్ళు తవ్విన కుంట ఇది. గడ్డపార వేస్తే దిగేది కాదు, ఎగిరి మీదికి వచ్చేది.

కట్ట చివర కొత్త బోర్డు కనిపించింది. రెండు ఇనుప స్తంభాల మీద, బస్టాపంత వెడల్పున, నీలం రంగులో మెరుస్తోంది. నిన్న సాయంత్రం లేదు. బాలనర్సమ్మ దగ్గరికి పోయి, నడుం మీద చేయి పెట్టుకుని చూసింది. చూసి నవ్వింది.

"ఓ స్రవంతీ, గిటు రా. నీ అత్త బోర్డు మీదికెక్కింది సూడు!"

నిజమే. బోర్డు సగం ఫొటోయే. తెల్ల టోపీలు పెట్టుకుని పారలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. రెండో వరసలో నోరు తెరుచుకుని బాలనర్సమ్మ. ఆమె పక్కనే టోపీ వెనక్కి నెట్టుకుని, ఎండకు కళ్ళు చిట్లించి నవ్వుతున్న సారమ్మ.

సారమ్మను చూడగానే బాలనర్సమ్మ నవ్వు ఆగింది. బోర్డు మీద మంచు పట్టి ఉంది. కొంగు తీసి సారమ్మ మొహం మీద తుడిచింది.

"ఏం రాసిండ్రు? చదువు బిడ్డా."

స్రవంతి ఇంటర్ చదివింది. గట్టిగానే మొదలుపెట్టింది. "ఎండిపోయి చెత్తకుప్పగా మారిన ఎర్రకుంటను తొలిచినుకు ఫౌండేషన్ వాలంటీర్లు తమ చెమటతో తవ్వి గ్రామానికి తిరిగి అందించారు..." చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఎవలు తవ్విండ్రట?"

"వాలంటీర్లట అత్తమ్మా."

"అంటే ఎవలు?"

"గా సంస్థల ఇష్టంతోటి వచ్చి పనిజేసెటోళ్ళు."

"అంటే మనం కాదు."

"కాదు."

"మరి మొఖాలు మనయి పెట్టిండ్రేంది?"

జవాబు బాలనర్సమ్మకే మెల్లగా గుర్తొచ్చింది. ఉపాధి పనిలో పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి హాజరు రాసే మేటు అందరినీ వరసగా నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తాడు. మొహం కనబడితేనే హాజరు. ఆ ఎండాకాలమంతా ఫొటో అనగానే పని ఆపి నిలబడటం వాళ్ళకు అలవాటైపోయింది. ఒకరోజు కారులో ఈ సంస్థవాళ్ళు వచ్చారు. టోపీలు పంచారు. క్యాన్లలో మజ్జిగ తెచ్చి గ్లాసు గ్లాసూ పోశారు. కెమెరా పట్టుకున్న పిల్లవాడు "నిలబడండమ్మా" అన్నాడు. నిలబడ్డారు. ఎందుకని ఎవరూ అడగలేదు. సారమ్మ మాత్రం "టోపీల మొఖం కనవడకుంటే హాజరు పోతది" అని వెనక్కి నెట్టుకుంది. అందుకే అంతమందిలో ఆమె మొహం ఒక్కటే పూర్తిగా కనిపిస్తోంది.

ఆ ఫొటో దిగిన వారంలోనే సారమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కుతూ ఎండదెబ్బకు పడిపోయింది. ఆటోలో శామీర్‌పేట దాటక ముందే ప్రాణం పోయింది. తల బాలనర్సమ్మ ఒళ్ళోనే ఉంది.

"సారమ్మ పేరున్నదా ఏడనన్న? చిన్న అక్షరాలల్ల సూడు."

స్రవంతి వంగి కింద దాకా చూసింది. "లేదత్తమ్మా. ఆఫీసు నంబరుంది. సద్దుల నాడు ఈడ్నే పండుగ జేస్తరట, పెద్దోళ్ళు వస్తరట."

బతుకమ్మ అలిగిన రోజే బాలనర్సమ్మకూ అలిగే పని పడింది. ఆమె గునుగు కోయకుండానే ఖాళీ సంచీతో ఇంటిదారి పట్టింది. స్రవంతి కాపురానికి వచ్చాక అత్త ఖాళీ చేతులతో ఇంటికి రావడం అదే మొదటిసారి.

సారమ్మ ఇల్లు చర్చి వెనక సందులో ఉంటుంది. ఆమె భర్త యేసయ్య మేస్త్రీ. పనికి పోయే ముందు గడప మీద కూర్చుని తాపీకి పట్టిన సిమెంటు గీకుతున్నాడు. కూతురు క్రిస్టీనా మేడ్చల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. షిఫ్టుకు తయారై జడ వేసుకుంటోంది.

బాలనర్సమ్మ కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. బోర్డు గురించి చెప్పింది, టోపీల గురించి చెప్పింది, మధ్యలో రెండు తిట్లు కూడా వేసింది. యేసయ్య తాపీ గీకుతూనే విన్నాడు. అంతా అయ్యాక కూతురి వైపు చూశాడు.

"చూపెట్టు అత్తకు."

క్రిస్టీనా ఫోన్ తీసింది. అదే సంస్థ చేసిన వీడియో. నాలుగు రోజుల కింద కంపెనీలో ఎవరో పంపారట. పాట, పక్షులు, నీళ్ళు, తర్వాత తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు. ఒక మగ గొంతు మెత్తగా చెబుతోంది: "ఏ ఒక్కరికీ చిన్న దెబ్బ కూడా తగలకుండా, నవ్వుతూ నవ్వుతూ మా వాలంటీర్లు ఈ పని పూర్తి చేశారు." సరిగ్గా అక్కడ సారమ్మ. తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, కెమెరా వైపు చూసి నవ్వుతుంది. రెండడుగులు నడుస్తుంది. అంతే, బొమ్మ మారిపోతుంది.

బాలనర్సమ్మ ఫోన్ పక్కకు నెట్టింది. "చిన్న దెబ్బ తగల్లేదా? పానం పోతే దెబ్బ కాదా వాళ్ళకు?"

"ఎన్నిసార్లు చూసిండో బాపు," అంది క్రిస్టీనా. "డ్యూటీకి పొయ్యేముందు ఫోను ఇచ్చి పొమ్మంటడు."

"తీసేయమందాం అన్నా. బోర్డు తీసేయాలె, గీ వీడియో తీసేయాలె. ఇయ్యాల్నే పోదాం."

యేసయ్య తాపీని పక్కన పెట్టాడు. గొంతు మామూలుగానే ఉంది.

"తీసెయ్యమనకు చెల్లె. పెండ్లి ఫొటో ఉంది, ఆధారు ఫొటో ఉంది. నడిచింది, నవ్వింది గీ ఒక్కదాంట్లనే ఉంది. ఉండనీ. పేరు రాయమను. ఆమె తవ్వింది, ఆడ్నే పోయింది, గంతే రాయమను. ఎక్వ వద్దు."

బాలనర్సమ్మ వచ్చేటప్పుడు ఇంకా చాలా అనాలనుకుంది. ఆ మాట విన్నాక అవన్నీ పక్కన పెట్టింది. పేరు రాయించాలి. ఆ పని తనది. అప్పుడే నిర్ణయించుకుంది.

మర్నాడు క్రిస్టీనా సెలవు పెట్టింది. బాలనర్సమ్మ, ఆమె ఇద్దరూ షేర్ ఆటోలో శామీర్‌పేటకు పోయారు. తొలిచినుకు ఆఫీసు ఒక మేడ ఇంటి కింది భాగంలో ఉంది. గోడల నిండా కుంటల ఫొటోలు. నిజం చెప్పాలంటే అవి అబద్ధపు కుంటలు కావు. ఎండిపోయినవీ ఉన్నాయి, నిండినవీ ఉన్నాయి. శృతి అనే అమ్మాయి ఎదురొచ్చి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది. కాసేపటికి రాఘవేందర్ వచ్చాడు. సంస్థ పెట్టింది ఆయనే. జుట్టు నెరిసిన మనిషి, ఖద్దరు చొక్కా, నెమ్మదైన మాట. బాలనర్సమ్మను చూడగానే గుర్తుపట్టి చేతులు జోడించాడు. తిట్టడానికి వచ్చిన మనిషికి ఇలాంటివాడు ఎదురుపడితే చిక్కే.

క్రిస్టీనా చెప్పింది. బోర్డు మాట, వీడియో మాట, అమ్మ మాట. అమ్మ మాట వచ్చేసరికి రాఘవేందర్ మొహం పాలిపోయింది.

"చనిపోయిందా? ఆ నవ్వే ఆవిడా?" శృతి వైపు చూశాడు. "మనకు తెలుసా ఇది?"

"నేను అప్పటికి చేరలేదు సార్," అంది శృతి.

"నాకు తెలియదమ్మా. ఒట్టు. వీడియో చేసేది బయటివాళ్ళు. మాటలు వాళ్ళే రాస్తారు." ఆయన కాసేపు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. బాధ పడుతున్నాడని చూస్తేనే తెలుస్తోంది. "చాలా అన్యాయం జరిగింది. తప్పకుండా ఏదో ఒకటి చేద్దాం. సద్దులు అయిపోనివ్వండి."

"సద్దులైనంక ఎందుకు సారూ? పేరు రాసుడే గద," అంది బాలనర్సమ్మ.

"ఎల్లుండి ఢిల్లీ నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారమ్మా. వాళ్ళ సంస్థ సాయం చేస్తే ఇంకో నాలుగు ఊళ్ళ కుంటలు బాగు చేయొచ్చు. వాళ్ళకు మేం పంపిన రిపోర్టులో ఇదే కథ ఉంది. ఇప్పుడు బోర్డు మారిస్తే అన్నిటి మీదా అనుమానం వస్తుంది. మీరు చేశారా, మేం చేశామా అని ఎందుకు? మనమంతా ఒకటే. వాలంటీర్లు అంటే మీరు కూడా అనే నా ఉద్దేశం."

"మేం వాలంటీర్లం కాదు సారూ. మాది కూలి. కూలి అని రాస్తే మాకేం నామోషీ లేదు."

"అది కాదమ్మా..."

"ఇంకో నాలుగూర్లల్ల తవ్వేది ఎవలు? ఆడ గూడ ఆడోళ్ళే గద. వాళ్ళకు గూడ టోపీలు పెట్టి మీ పేరు రాసుకుంటరా?"

రాఘవేందర్ చెడ్డవాడైతే కోప్పడేవాడు. ఆయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుని, టీ తెప్పించాడు. సద్దుల నాడు బాలనర్సమ్మకు శాలువా కప్పి సన్మానం చేస్తామన్నాడు. పండుగను ఫోన్‌లో ఎక్కడివాళ్ళైనా అప్పటికప్పుడు చూసేలా లైవ్ పెడుతున్నామని, పాట ఆమే ఎత్తుకోవాలని కోరాడు.

"మీరు ఎత్తుకుంటేనే అందం. ఊరంతా చెప్పారు."

"ఎత్తుకుంట సారూ," అంది బాలనర్సమ్మ, టీ గ్లాసు కింద పెడుతూ. "మీరు అడుగకున్నా ఎత్తుకుంట."

గేటు దాకా శృతి వచ్చింది. క్రిస్టీనా చేయి పట్టుకుని, "అమ్మ పూర్తి పేరు ఏంటక్కా?" అని అడిగింది.

"సారమ్మ. సారమ్మ అంటే ఊర్ల అందరికీ తెలుసు. అంతకన్న పూర్తి పేరేముంది," అని క్రిస్టీనా ఆటో ఎక్కింది.

ఎనిమిదో రోజు బాలనర్సమ్మ వాకిట్లో మూడు గిన్నెల్లో మూడు రంగులు కలిపింది. అంతకు ముందు సాయంత్రం ఎట్లాగో గునుగు కోసుకొచ్చింది. కట్ట విప్పకుండా పువ్వు కొసల్ని రంగులో ముంచుతుంది, దులుపుతుంది, గోడకు ఆనిస్తుంది. చేతులు ఆకుపచ్చగా, గులాబీగా మారిపోయాయి. నోరు మాత్రం ఊరుకోవడం లేదు.

బతుకమ్మ పాటలో పాత కథలే పాడాలని ఎక్కడా లేదు. పాట చెప్పే మనిషికి తోచింది కట్టుకుంటూ పోవచ్చు. ఆమె ఒక చరణం అంటుంది, చుట్టూ ఆడేవాళ్ళు అదే చరణం తిరిగి అంటారు. ఊళ్ళో ఎవరింట పెళ్ళైనా, ఎవరి బావిలో నీళ్ళు పడినా, పోయిన ఏడు ఎవరి మేక తప్పిపోయినా బాలనర్సమ్మ పాటలో వచ్చేది. మేక సంగతి పాటలోకి వచ్చాక, ఆ మేక దొరికింది కూడా.

"దొంగలొచ్చిండ్రమ్మా ఉయ్యాలో, కారు దిగివచ్చి ఉయ్యాలో..." అని ఎత్తుకుంది.

స్రవంతి పకపకా నవ్వింది. "అమ్మో అత్తమ్మా, లైవుల గిదే పాడుతవా? పరువంత పాయె వాళ్ళది!"

బాలనర్సమ్మ కూడా నవ్వింది. ఇంకో రెండు చరణాలు అదే వరసలో కట్టింది. బాగా కుదిరాయి. తిట్టుకు పాట తొందరగా కుదురుతుంది. గులాబీ గిన్నెలో కట్ట ముంచి, తీసి, దులపబోయి ఆగిపోయింది.

"వద్దు."

"ఏంది వద్దు?"

"దొంగలు అనొద్దు. కట్ట మీద రాళ్ళు పరిపించిండ్రా లేదా? మెట్లు కట్టించిండ్రా? ఆఖరుకు రెండు దినాలు పెద్ద మిషిని తెచ్చి పూడిక ఎత్తించిండ్రా? మనతోని అయ్యేదా గది?"

"అయ్యేది కాదు."

"మరి దొంగలు ఎట్లయితరు? గట్లంటె నేను గూడ బోర్డు రాసినట్టే అయితది." గోడకు ఆనించిన పువ్వులన్నీ సర్దుతూ మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి పాట నడవలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తిట్టడం కంటే చాలా కష్టం. రంగుల గిన్నెలు అడుగంటాయి గాని పాట సగం కూడా కాలేదు. చివర్లో సారమ్మ గురించి చెప్పే దగ్గరికి రాగానే, "గది ఆడ్నే వస్తది తియ్యి," అని లేచిపోయింది. ఈ మనిషికి ఎవరు నేర్పారో ఈ తూకం! తన పక్షం గెలవాలని కాదు, ఎవరిది వాళ్ళకు పోవాలని ఆమె పట్టుదల. అలాంటివాళ్ళు ఊరికి ఒక్కరుంటే చాలు.

సద్దుల నాడు తెల్లవారేసరికి గడప ముందు తంగేడు మూట ఉంది. పక్కనే క్రిస్టీనా నిలబడి చెప్పుల నుంచి ముళ్ళు తీసుకుంటోంది.

సారమ్మ బతుకమ్మ ఆడేది కాదు. వాళ్ళది చర్చి కుటుంబం. కానీ ప్రతి ఏడూ సద్దుల పొద్దున చర్చి వెనక గుట్ట నుంచి తంగేడు పువ్వు కోసుకొచ్చి తాను వదినె అని పిలిచే బాలనర్సమ్మ వాకిట్లో దించిపోయేది. క్రిస్మస్‌కు బాలనర్సమ్మ గారెలు చేసి పంపేది. ఇందులో ఎవరి దేవుడికీ పట్టింపు రాలేదు.

"గుట్ట సగం ప్లాట్లయింది అత్తా. తంగేడు శాన లేదు. ఉన్నంత తెచ్చిన."

బాలనర్సమ్మ ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. చేతికున్న రంగు గడ్డానికి అంటింది. "సాయంత్రం రా బిడ్డా, నాయినను తోలుకొని. ఆడకున్నా మంచిదే. విను."

సాయంత్రం ఎర్రకుంట కట్ట మీద కాలు పెట్టే చోటు లేదు. పట్టుచీరలు, పిల్లలు, పళ్ళాల్లో బతుకమ్మలు, రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దల నెయ్యి వాసన. సంస్థవాళ్ళు బోర్డు కింద షామియానా వేసి కుర్చీలు పెట్టారు. మధ్య కుర్చీలో ఢిల్లీ పెద్దావిడ, బక్కపలచని మనిషి, తెల్లచీర. ఆమెకు తెలుగు రాదు. ఒక పక్క రాఘవేందర్, వెనక శృతి. స్టాండు మీద ఫోన్ పెట్టి లైవ్ తీస్తున్నారు. క్రిస్టీనా, యేసయ్య కట్ట అంచున, మిగతా మగవాళ్ళతో పాటు నిలబడ్డారు.

బాలనర్సమ్మకు శాలువా కప్పారు. ఆమె దాన్ని మడిచి స్రవంతి చేతికిచ్చింది. బతుకమ్మలన్నీ నడుమ పెట్టారు. తంగేడు పేర్చిన ఆమె బతుకమ్మ అన్నిటికంటే పచ్చగా ఉంది. ఆడవాళ్ళు చుట్టూ నిలబడ్డారు. ఆమె గొంతు సవరించుకుని, చప్పట్లు కొట్టి ఎత్తుకుంది.

"ఎర్రకుంటా కథను ఉయ్యాలో
ఎరిగి చెబుతున్నా ఉయ్యాలో
విన్నదీ కాదమ్మ ఉయ్యాలో
కన్నదే చెబుతా ఉయ్యాలో"

వలయం ఆ మాటల్నే తిరిగి అంది. నడుములు వంగాయి, చప్పట్లు పడ్డాయి.

"గడ్డపారా మాది ఉయ్యాలో
గంపలూ మావమ్మ ఉయ్యాలో
ఎండలో తవ్వింది ఉయ్యాలో
ఈ ఊరి చేతులే ఉయ్యాలో"

తిరిగి అంటున్న ఆడవాళ్ళలో కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చప్పట్ల చప్పుడు పెరిగింది. తమ మాటే తమకు అందుతోందని వాళ్ళకు తెలిసింది. రాఘవేందర్ కుర్చీలో ముందుకు జరిగాడు.

"కారు దిగివచ్చిండ్రు ఉయ్యాలో
కట్ట బలిమీ జేసె ఉయ్యాలో
రాళ్ళు పరిపించిండ్రు ఉయ్యాలో
రమ్యమూ జేసిండ్రు ఉయ్యాలో
వాళ్ళు జేసిన మేలు ఉయ్యాలో
వాళ్ళదే అంటాము ఉయ్యాలో
మేము మోసిన మట్టి ఉయ్యాలో
మాది అనరాదా ఉయ్యాలో"

పెద్దావిడ తల ఊపుతూ వింటోంది. రాఘవేందర్ వైపు వంగి హిందీలో అడిగింది, "ఏం పాడుతున్నారు? ఎంత బాగుంది!" ఆయన తడబడి, "కుంట నిండిన సంతోషం..." అని ఆపేశాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆయన నుంచి ఇంకేం రాలేదని పెద్దావిడ వెనక్కి తిరిగి శృతిని చూసింది. శృతి ఒకసారి రాఘవేందర్‌ను చూసింది. తర్వాత కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్క చరణం ఉన్నది ఉన్నట్టు హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఒక్క మాట కూడా వదల్లేదు. అప్పుడే ఉద్యోగంలో చేరిన పిల్లకు ఆ ధైర్యం చిన్నది కాదు.

"తంగేడు తెచ్చేటి ఉయ్యాలో
తల్లి సారమ్మా ఉయ్యాలో
తట్ట నెత్తినబెట్టి ఉయ్యాలో
కట్ట ఎక్కిందమ్మ ఉయ్యాలో"

వలయం అంది. తర్వాతి చరణం కోసం ఆగింది.

చరణం రాలేదు. బాలనర్సమ్మ నోరు తెరిచింది, పెదాలు కదిలాయి. అడుగులు మాత్రం పడుతున్నాయి. ఆడుతున్న వలయం ఆగకూడదు. చప్పట్లు ఒక చుట్టు వట్టిగా తిరిగాయి. మళ్ళీ ఇంకో చుట్టు. స్రవంతి అందుకోబోయింది గాని ఆమెకు ఆ మాట రాదు. ఆ మాట ఎవరికీ రాదు, అది అక్కడే రావాలని బాలనర్సమ్మ వదిలేసిన మాట.

కట్ట అంచు నుంచి వచ్చింది.

"ఎండకూ సోలింది ఉయ్యాలో
ఈ మెట్ల కాడనే ఉయ్యాలో"

క్రిస్టీనా గొంతు. చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునే గొంతు అది, బాగా పైకి లేచింది. ఆ పిల్ల వలయంలోకి రాలేదు, పువ్వు ముట్టలేదు. నాయిన చేయి పట్టుకుని నిలబడ్డ చోటనే ఉంది. ఆడవాళ్ళు ఒక్క క్షణం తికమకపడి, వెంటనే తిరిగి అన్నారు. ఊరి ఆడవాళ్ళందరి నోటా, లైవ్‌లో, ఎర్రకుంట నీళ్ళ మీద ఆ మాట వెళ్ళింది.

"మా అమ్మ తవ్వినా ఉయ్యాలో
మట్టి ఈ కుంటదీ ఉయ్యాలో
పేరు మరువాకండి ఉయ్యాలో
పెద్ద మనసూ జేసి ఉయ్యాలో"

యేసయ్య తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. బాలనర్సమ్మకు అప్పుడు గొంతు వచ్చింది. మిగతా పాట ఇద్దరూ పంచుకుని పాడారు, ఒకరు లోపల, ఒకరు బయట.

శృతి చివరి చరణం చెప్పడం పూర్తి చేసింది. పెద్దావిడ తల తిప్పి పైనున్న బోర్డును చూసింది, దాని మీద నవ్వుతున్న ముఖాన్ని చూసింది, తర్వాత రాఘవేందర్‌ను చూసింది. రాఘవేందర్ లేచాడు. ఫోన్ పెట్టిన స్టాండు దాకా నడిచాడు. ఆపేస్తాడని శృతి అనుకుంది. స్రవంతి కూడా అలాగే అనుకుంది. ఆయన ఫోన్‌ను ముట్టుకోలేదు. దాని ముందు నిలబడి, చేతులు కట్టుకుని, లైవ్ చూస్తున్న వాళ్ళందరితో తెలుగులోనే చెప్పాడు.

"ఈ పాటలో ఉన్నది నిజం. మా బోర్డు మీద ఉన్నది నిజం కాదు. సారమ్మ గారు ఈ పనిలోనే చనిపోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదని మేం చెప్పాం. అది మా తప్పు. పేర్లన్నీ రాసి ఈ బోర్డు మారుస్తాం. పాత రిపోర్టు కూడా సరిచేసి పంపుతాం. దాని వల్ల వచ్చే సాయం పోతే పోనివ్వండి."

చెప్పాక ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే నిలబడ్డాడు. తప్పును నలుగురిలో ఒప్పుకున్న మనిషిని చూడటం ఆ ఊరికి కొత్త. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాలనర్సమ్మ మలీద ముద్ద ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తిను సారూ. పొద్దటి సంది ఏం తినలేదు గావచ్చు."

ఆయన తిన్నాడు. బతుకమ్మలను నీళ్ళలో వదిలారు. తంగేడు బతుకమ్మ మెట్ల దగ్గర నుంచి మెల్లగా లోపలికి పోయింది.

దసరా అయిన కొన్నాళ్ళకు కొత్త బోర్డు వచ్చింది. ఢిల్లీ వాళ్ళ సాయం వచ్చిందా లేదా అన్నది ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. బాలనర్సమ్మ స్రవంతిని, యేసయ్యను, క్రిస్టీనాను వెంటబెట్టుకుని చూడటానికి పోయింది. ఫొటో అదే. టోపీలు అవే. సారమ్మ అలాగే నవ్వుతోంది. వీడియోలో కూడా ఆమె నవ్వును తీయలేదు, పైన మాట మార్చారని క్రిస్టీనా చెప్పింది.

"చదువు బిడ్డా. మొత్తం చదువు."

స్రవంతి చదివింది. ఈ కుంటను ఉపాధి పనిలో ఊరి ఆడవాళ్ళు తవ్వారని ఉంది. సారమ్మ పేరు అన్నిటికంటే పైన, పని చేస్తూ ఎండదెబ్బతో చనిపోయిందని ఉంది. కింద అందరి పేర్లు. యేసయ్య చదువు రానివాడు, అయినా పైన ఉన్న ఆ ఒక్క వరసను వేలితో తడిమి చూశాడు. వేలు అక్కడే ఉంచాడు.

అట్టడుగున సంస్థ గురించి ఉంది. రెండు రోజుల మిషిని, కట్ట మీద రాళ్ళు, మెట్లు, ఇవి మాత్రమే తొలిచినుకు ఫౌండేషన్ చేసిన పని అని రాసుకున్నారు.

"గంతేనా?" అంది బాలనర్సమ్మ.

"గంతే అత్తమ్మా. అంత నిజమే గద."

"మజ్జిగేది?"

"ఏం మజ్జిగ?"

"ఫొటో దిగిన నాడు క్యాన్లకు క్యాన్లు పోయలేదా? గంత ఎండల! సారమ్మ రెండు గ్లాసులు తాగి, మస్తు సల్లగుంది వదినె అనలేదా?" బాలనర్సమ్మ అక్కడే నిలబడి ఆలోచించింది. మొహం చిన్నబోయింది. "నేను గూడ పాటల మరిచిన చూడు. ఫోను తీయి. గా శృతి పిల్లకు కలుపు."

"ఇప్పుడా? ఎందుకత్తమ్మా?"

"మజ్జిగ గూడ రాయమని చెప్పు. వాళ్ళు పోసింది వాళ్ళకు రావాలె."